విశాలాక్షిగారి ఊపిరి

అరోరా ఊరి గుడి హాల్లో శనివారం పొద్దున్నే ప్రాణాయామం నేర్పే విశాలాక్షిగారు, క్లాసులో ఎవరి నోరు కాస్త తెరుచుకున్నా ఊరుకోరు. ఎదురుగా వెళ్ళి నిలబడి, చూపుడువేలితో తన ముక్కు తట్టి చూపిస్తారు. "గాలి ముక్కుతో పీల్చాలమ్మా, నోరున్నది మాట్లాడ్డానికి" అంటారు. మెట్లెక్కి ఆయాసపడినా ఆవిడ పెదాలు విడిపోవు. భర్త వేణుమాధవ్‌గారు నోరు తెరుచుకుని కునుకు తీస్తుంటే, ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టి మెల్లిగా మూసేస్తారు.

అలాంటి మనిషిని పెళ్ళిరోజని ఆయన హవాయి తీసుకెళ్ళి, పడవెక్కించి, తాబేళ్ళని చూడమని పచ్చటి కొండల పక్కన సముద్రంలోకి దింపించారు. మాస్క్ కళ్ళతోపాటు ముక్కునీ మూసేసింది. నోట్లో, గాలి పీల్చుకోడానికి నీళ్ళపైకి నిలిచే స్నార్కెల్ గొట్టం ఉంది. ముఖం నీళ్ళలో పెట్టగానే ఆవిడ అలవాటుకొద్దీ పెదాలు బిగించి ముక్కుతో పీల్చారు. గాలి రాలేదు, మాస్క్ మొహానికి అతుక్కుపోయింది. ఇంకా గట్టిగా పీల్చారు. అందని నేల కోసం కాళ్ళు తన్నుకున్నాయి. గైడ్ అమ్మాయి ఈదుకుంటూ వచ్చి చెయ్యందించి, తల నీళ్ళపైకి లేపి, "త్రూ యువర్ మౌత్, మ్యామ్. స్లోలీ" అంది. ఆ చేతిలో గోళ్ళు దిగేలా పట్టుకుని, విశాలాక్షిగారు నోరు తెరిచి ఎగపీల్చారు.

పడవలోకి చేర్చాక తువ్వాలు కప్పుతూ "తాబేలు కనిపించిందా విశాలా?" అని అడిగారు వేణుమాధవ్‌గారు. ఆవిడ నోరింకా తెరిచే ఉంది. ఆయన నవ్వుతూ గడ్డం కింద చెయ్యి పెట్టబోతే, ఉలిక్కిపడి ఆ చేతిని తోసేశారు.