బాపును అడగని మాట

లాడ్ బజార్‌లో మా లక్కగాజుల దుకాణానికి మరుగుదొడ్డి లేదు. వెనక గల్లీ చివరిదాకా నడవాలి. డెబ్బయి దాటాక బాపు గంటకోసారి లేచేవాడు. ఎదురు దుకాణం భాయ్ నవ్వేవాడు.

"ఏంది సేట్, గద్దె మీద ముళ్లు మొలిచినయా?"

"నా వయసు రానీ భాయ్, నీకూ మొలుస్తయ్," అనేవాడు బాపు.

తొంభైల చివర్లో, రంజాన్ ఇంకా పది రోజులుందనగా డాక్టర్‌కు చూపించాను. డాక్టర్ గుంటూరు నుంచి వచ్చి స్థిరపడినాయన. మాట్లాడే ముందు బాపును బయట బెంచీ మీద కూర్చోబెట్టింది నేనే.

"వయసుతో వచ్చే ప్రోస్టేట్ వాపులాగే ఉందండి. క్యాన్సరేమో చూడటానికి రక్తపరీక్ష ఒకటుంది. ఈ వయసులో చేయించి తీరాలనను, వద్దనీ అనను. అనుమానం వస్తే లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించాలి, ఆపరేషన్ దాకా పోవచ్చు. కొందరికి అదేమీ చేయకపోయినా నడిచిపోతుంది. నాన్నగారిని అడిగి చెప్పండి."

రక్తపరీక్షకు ఆయన రాసిచ్చిన చీటీ జేబులో పెట్టుకున్నాను.

"ఏమన్నడు బిడ్డా?" దారిలో అడిగాడు బాపు.

"ఏం లేదు బాపు. ఈ వయసుల గిట్లనే ఉంటదట. గోళీలు రాసిండు."

అలాంటి జబ్బు గురించి తండ్రితో మాట్లాడటానికి సిగ్గుపడ్డానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. అది సగమే నిజం. రంజాన్ నెలలోనే మా ఏడాది బేరం. లక్కగాజును సెగకు చూపి, నొప్పి తెలియకుండా తొడగడం బాపు చేతికే వచ్చు. ఆడవాళ్లు ఆయన కోసమే వచ్చేవారు. చిన్నపిల్లనైనా "బిగుతుగ ఉండాల్నా, వదులుగనా?" అని అడిగేవాడు. తల్లి జవాబు చెప్పబోతే, "చెయ్యి ఆ పిల్లది కదమ్మా, ఆమెను చెప్పనీ" అనేవాడు.

పండుగ అయ్యాక చెబుదామనుకున్నాను. పండుగ అయింది, పెళ్లిళ్లు మొదలయ్యాయి. చీటీ చింపేశాను.

మూడేళ్లకు నడుం నొప్పితో మంచం పట్టాడు. క్యాన్సరే, అప్పటికే వెన్నుకు పాకింది.

"అప్పట్ల ఆ డాక్టర్ గిది చెప్పలేదా?"

"లేదు బాపు."

"పాపం, ఆయనకు మాత్రం ఎట్ల తెలుస్తది," అని అటు తిరిగి పడుకున్నాడు. రెండు నెలలకు పోయాడు.

తర్వాతి ఏడాది ఆ డాక్టరే తన భార్యతో గాజులకు వచ్చాడు. బాపు సంగతి చెప్పాను.

"పరీక్ష వద్దన్నారా ఆయన?"

"వద్దన్నాడండి," అన్నాను.

పరీక్ష చేయిస్తే బతికేవాడని ఎవరూ చెప్పలేరు. నిజంగానే వద్దనేవాడేమో కూడా. తెలుసుకునే దారి లేకుండా చేసింది నేను.