మాస్టారు పాస్ చెయ్యని ఉత్తరం

మా మాస్టారు పోయారన్న కబురు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో చూశాను. చూశాననే అనాలి, తెలియడానికి మాత్రం మూడుసార్లు చదవాల్సొచ్చింది. "విద్యాసుమాలు విరబూయించిన జ్ఞానజ్యోతి కొడిగట్టింది" అని మొదలైందది. కొడిగట్టింది ఎవరో చెప్పలేదు. పది పన్నెండు వాక్యాలు దాటి, గులాబీ పువ్వుల బొమ్మ దగ్గరకొస్తేగానీ మాస్టారి పేరు దొరకలేదు. ఈ మధ్యలో ఇంకో ముక్క ఉంది: "గ్రామ ప్రజల కోసం మంచినీటి బోర్లు వేయించిన మహనీయులు." మాస్టారు జన్మలో బోరు వేయించి ఎరగరు. ఆయనింట్లో చేతిపంపే సరిగ్గా పనిచేసేది కాదు. రెండు నెలల క్రితం పక్కూరి మాజీ సర్పంచి గారు పోయినప్పుడు పెట్టిన సందేశానికే పేరు మార్చి మాస్టారికి తగిలించారన్నమాట. దాని కింద యాభై మంది దండాలు. ఒక్కడు చదివితే ఒట్టు.

ఆయన పోయి అప్పటికి రెండు గంటలు కాలేదండి. బతికున్నంతకాలం ఏ రాతని చూసి చీదరించుకున్నారో, సరిగ్గా ఆ రాతతోనే ఆయన్ని సాగనంపాం. సాగనంపాం అని నన్నూ కలుపుకునే అంటున్నాను. ఆ యాభై దండాల్లో ఒకటి నాది. చదవకముందే నా వేలు నొక్కేసింది.

ఆయన బళ్ళో మాస్టారు కాదు. కాలువల ఆఫీసులో హెడ్ గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. జనం పెట్టుకున్న అర్జీలూ, ఇంజనీర్లు పంపిన రిపోర్టులూ ఏళ్ళ తరబడి చదివి చదివి, మనుషుల రాత మీద ఆయనకి పరమ రోత పుట్టింది. ఆ రోతతోనే నర్సాపురం వైపు మా ఊళ్ళో తన వరండాలో పొద్దున్నపూట పాఠం మొదలెట్టారు. ఉద్యోగానికి దరఖాస్తు గానీ, ఆఫీసు ఉత్తరం గానీ, కాలేజీ ప్రాజెక్టు రిపోర్టు గానీ, ఏదైనా రాయడం నేర్పేవారు. తెలుగైనా ఇంగ్లీషైనా పద్ధతి ఒకటే. మనం రాసింది చదువుతూ చదువుతూ ఆయనకి విసుగొచ్చిందంటే నోటితో ఏమీ అనేవారు కాదు. చొక్కా జేబులోంచి నెయిల్ కట్టర్ తీసి గోళ్ళు తీసుకోవడం మొదలెట్టేవారు. టిక్కుమని చప్పుడు వినపడిందా, కాగితం వెనక్కి తీసేసుకోవడమే. నేను చేరిన కొత్తలో ఆయన చేతికి గోళ్ళు మిగిలి ఉండేవి కావు.

చివరి పరీక్ష మాత్రం పక్కింటి అరుగు మీద జరిగేది. అక్కడ ఎండుచేపలమ్మే ఆవిడ నాకు వరసకి దొడ్డమ్మ. అక్షరమ్ముక్క రాదు. రాసింది ఆవిడకి చదివి వినిపించాలి, ఇంగ్లీషులో రాస్తే తెలుగులో చెప్పాలి. అంతా విని "అయితే ఇప్పుడు నన్నేం చెయ్యమంటావురా?" అని అడిగిందంటే మనం ఫెయిల్. అడక్కుండా తనకే తెలిసిపోయిందంటే పాస్. ఫెయిలైన కాగితం ఇక ఆవిడ సొత్తు. అందులో నెత్తళ్ళు పొట్లం కట్టి ఎవరికో ఒకరికి ఇచ్చేసేది. మా ఊళ్ళో ఎండు నెత్తళ్ళు కొన్న ప్రతి కొంపలోనూ నా పాండిత్యం కొంత ఉంది.

నేను ఆయన దగ్గరికి చేరిన వైనం చెబితే నవ్వకండి. భీమవరంలో ఎమ్మెస్సీ చదివే రోజులు. రొయ్యల చెరువుల నీళ్ళ మీద ప్రాజెక్టు. మా కాలేజీలో ప్రాజెక్టు రిపోర్టు ఎవరూ రాయరండి, సంపాదిస్తారు. పై బ్యాచివాళ్ళది ఒకటి తెచ్చుకుని, పేరు మార్చి, నల్ల రెక్సిన్ బైండింగు చేయించి, దాని మీద బంగారు అక్షరాలు కొట్టిస్తారు. బైండింగు ఎంత దిట్టంగా ఉంటే అంత చదువన్నమాట. నాకు ఒక సీనియర్ అక్క రిపోర్టు దొరికింది. మా గైడు గారు అట్ట కూడా తియ్యకుండా సంతకం పెట్టారు. పరీక్షకి బయటినుంచి వచ్చిన పెద్దాయన మాత్రం ఖర్మకాలి కృతజ్ఞతల పేజీ తెరిచాడు. తెరిచి, నన్ను ఎగాదిగా చూసి, "మీవారు చాలా సహకరించారని రాశారు. ఏం చేస్తుంటారండీ మీవారు?" అన్నాడు. నేను మగవాణ్ణి, పైగా నాకప్పటికి పెళ్ళే కాలేదు. పప్పులో కాలెయ్యడం కాదది, పప్పుగుండిగలో పీకల్దాకా దిగిపోవడం. నెలరోజుల్లో మొత్తం తిరగరాసి తెమ్మన్నారు. మా నాన్న నా చెవి పట్టుకున్నంత పనిచేసి మాస్టారి వరండాలో కూర్చోబెట్టాడు.

మాస్టారు రెండు పేజీలు చదివారు. కట్టర్ బయటికొచ్చింది.

"ఇందులో చెరువెక్కడుందయ్యా?"

"అంతా చెరువు గురించేనండి, మాస్టారండీ."

"గురించి బోలెడుంది. చెరువే లేదు. నువ్వెప్పుడైనా నీళ్ళలో దిగావా?"

చేపలు పట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి, నీళ్ళలో దిగావా అని అడిగించుకున్నాను. మర్నాడు నన్ను ఒక చెరువు గట్టు మీదకి తోలి, అక్కడ కళ్ళతో చూసిన మూడు సంగతులు రాసుకు రమ్మన్నారు. రాసుకొచ్చాను. "నీటి వర్ణము హరిత ఛాయలో గోచరించినది" అని మొదటి వాక్యం. ఆయన కళ్ళజోడు పైకెత్తి, "ఎవరికి గోచరించింది నాయనా? నీకా, మీ ఆయనకా?" అన్నారు. వరండాలో ఉన్నవాళ్ళంతా పడీపడీ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. కానీ ఆ సాయంత్రం "నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. గట్టు పక్కన నురగ ఉంది. కొంగలు ఎక్కువగా వాలుతున్నాయి" అని రాసి తీసుకెళ్తే కట్టర్ జేబులోనే ఉండిపోయింది. జీవితంలో నేను సొంతంగా రాసిన మొదటి మూడు వాక్యాలవి. ఇన్నేళ్ళ చదువులో ఎవరూ నాతో రాయించలేదు, ఆయన రాయించారు. ఆ రుణం తీరేది కాదు.

తరవాత భీమవరంలోనే ఒక నీళ్ళ పరీక్షల ల్యాబులో ఉద్యోగం వచ్చింది. ఏరు దాటాక తెప్ప తగలేసే బుద్ధి కదా, ఆయన నేర్పిందంతా ఆరు నెలల్లో ఊడిపోయింది. మా మేనేజర్‌కి ఫార్మాట్ అంటే ప్రాణం. రిపోర్టు ముందు పేజీలో రంగురంగుల గీతలుండాలి, కస్టమర్ బెదిరిపోకూడదు, చివర్లో "మొత్తం మీద సంతృప్తికరం" అని ఉండాలి. చేదు ముక్కలేవైనా ఉంటే కాగితం వెనకవైపు, చిన్న అక్షరాల్లో "సూచనలు" అనే శీర్షిక కింద. ఆ ఫార్మాట్‌ని ఇంకా అందంగా తీర్చిదిద్దినందుకు ఆఫీసులో నాకు చప్పట్లు కూడా కొట్టారు. సిగ్గులేకుండా ఆ కాగితం ఒకటి మాస్టారికి చూపించడానికి తీసుకెళ్ళాను. ఆయన ముందు పేజీ చూసి, ఐదు వేళ్ళ గోళ్ళూ తీసేసుకుని, "పెళ్ళి శుభలేఖ బావుంది, ముహూర్తం ఎప్పుడో రాయలేదేం?" అన్నారు. ముసలాయనకి చాదస్తం పెరిగిందనుకుని వచ్చేశాను. అబ్బో, ఎంత గొప్పవాణ్ణో నేను.

ఆ ఏడాదే మా బావ, అంటే మా అక్క మొగుడు, చెరువు లీజుకి తీసుకున్నాడు. నీళ్ళు మా ల్యాబుకే తెచ్చాడు. బామ్మర్ది ఉన్నాడని ధైర్యం. పరీక్షలో జబ్బు పురుగు కనిపించింది. రెండు రోజుల్లో పట్టుబడి చేసుకోవాలి, అంటే రొయ్యలు ఎంత సైజున్నా సరే వల వేసి పట్టేసుకోవాలి. నేనా ముక్క రాశాను. వెనక పేజీలో, నాలుగో సూచనగా, "తగు సమయంలో పట్టుబడి అంశమును పరిశీలించగలరు" అని రాశాను. పక్క గదిలోనే కూర్చున్న బావతో నోటితో ఎందుకు చెప్పలేదంటే, రిపోర్టులో ఉన్న సంగతులు కస్టమర్‌తో మాట్లాడకూడదని మా ఆఫీసు రూలు. ఆ రూలుకి నేను బానిసని. బావ ముందు పేజీ చూశాడు. సంతృప్తికరం అని ఉంది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇంకో వారం పెంచితే రొయ్య సైజు పెరిగి కౌంటు బావుంటుందని ఆగాడు. నాలుగో రోజు పొద్దున్నకి చెరువులో రొయ్యలన్నీ చచ్చి తేలిపోయాయి.

గట్టు మీద నిలబడి నేనన్న మొదటి మాట ఏంటో తెలుసాండీ? "రాశాను గదా బావా, వెనకాల ఉంది" అన్నాను. బావ జేబులోంచి కాగితం తీసి, తిప్పి, నాలుగో సూచన మీద వేలు పెట్టి మెల్లగా చదువుకున్నాడు. మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. మా అక్క అంది, "ముందు పేజీకే నిన్ను నమ్మేశాడ్రా మీ బావ." ఆ రోజు నుంచి బావ నాతో మాట మానేశాడు.

ఆ రిపోర్టు పట్టుకుని మాస్టారి దగ్గరికెళ్ళాను. తిడతారనుకున్నాను, తిడితే బావుణ్ణనుకున్నాను. రెండు వైపులా చదివారు. కట్టర్ తియ్యలేదు. "నువ్వు అబద్ధం రాయలేదు. తప్పించుకునేటట్టు రాశావు. ఇలాంటివి ఆఫీసులో నా కళ్ళ ముందు వేలకొద్దీ వెళ్ళాయి. కాలవ గట్టు తెగాక చూస్తే, ప్రతివాడూ ముందే రాసేసి ఉండేవాడు" అన్నారు. కాగితం నా చేతికి తిరిగిచ్చి, "మీ బావకి ఉత్తరం రాయి. ఒకటే పేజీ. నువ్వేం చేశావో మొదటి వాక్యంలో ఉండాలి" అన్నారు.

రాయడం మొదలెట్టాను. "అనివార్య పరిస్థితుల దృష్ట్యా" అని ఒకటి. "జరిగిన దానికి మిక్కిలి చింతిస్తూ" అని ఒకటి. "మనిద్దరి మధ్య ఏర్పడిన అపార్థం" అని ఇంకోటి రాసిన రోజున, మాస్టారు దాన్ని ముట్టుకోకుండానే పక్కింటి వైపు చెయ్యి చూపించారు. దొడ్డమ్మ మొత్తం వింది. "అయితే నన్నేం చెయ్యమంటావురా? మీ బావ నీకు క్షమాపణ చెప్పాలా?" అంది. పొట్లం కట్టేసింది. ఏడాది పొడుగునా ఎన్ని పొట్లాలు కట్టిందో లెక్కలేదు. ఆ ఉత్తరం మాస్టారు పాస్ చెయ్యలేదు. మంచాన పడ్డాక కూడా నేనెళ్తే "రాశావా?" అనడిగేవారు. చివరిసారి చూసినప్పుడు దిండు కింద కట్టర్ అలాగే ఉంది. రేపు తెస్తానండి అన్నాను. రేపు తేలేదు.

ఇక సంతాప సభ. కళ్యాణ మండపంలో పెట్టారు. ఫ్లెక్సీలో మాస్టారి కంటే ఫ్లెక్సీ వేయించినవాళ్ళే పెద్దగా ఉన్నారు. ఒకాయన ఫోనులో చూసి చదువుతుంటే మధ్యలో ఫోనొచ్చింది, "సభలో ఉన్నాను, తరవాత చేస్తా" అనేసి మళ్ళీ జ్ఞానజ్యోతి దగ్గర అందుకున్నాడు. అంతమందీ ఆయన దగ్గర రాత నేర్చుకున్నవాళ్ళే! ఒక్కడూ ఆ నెయిల్ కట్టర్ ఊసెత్తలేదు. దొడ్డమ్మ చివరి వరసలో కుర్చీ ఖాళీ ఉన్నా కింద కూర్చుంది, ఆవిణ్ణి ఎవరూ పైకి పిలవలేదు. సభ చేసినవాళ్ళు నా దగ్గరకొచ్చి, "నువ్వు రాస్తావు గదా, పదకొండో రోజుకి పుస్తకం వేస్తున్నాం, నాలుగు బరువైన ముక్కలు రాసివ్వు" అన్నారు. బరువైనవి కావాలంటే కాటా దగ్గరికి వెళ్ళండని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆయ్, అలాగేనండి అన్నాను. మర్యాద చచ్చిపోతే ఎలా మరి.

ఇంటికెళ్ళి కూర్చుంటే నా కలంలోంచి ఊడిపడ్డ మొదటి మాట ఏంటో ఊహించండి. "అమరులైన." ఛీ అనిపించింది. వాళ్ళని తిట్టుకునే హక్కు నాకెక్కడిది? ఆ కాగితం చింపేసి ఇంకోటి తీశాను. ఇంతా చేసి రాసింది ఇదీ:

"బావా, నీ చెరువు నా వల్ల పోయింది. జబ్బొచ్చిందని నాకు ముందే తెలుసు. నువ్వు పక్క గదిలోనే ఉన్నావు, లేచొచ్చి చెప్పలేదు. ఉద్యోగానికి భయపడి వెనక పేజీలో దాచాను. తప్పు నాదే. ఈసారి నుంచి నీ నీళ్ళు చెరువు దగ్గరే చూసి, నోటితో చెబుతాను. వద్దంటే రాను."

పొద్దున్నే దొడ్డమ్మకి చదివి వినిపించాను. చేటలో నెత్తళ్ళు ఏరుతున్న చెయ్యి ఆగింది. పక్క వరండా వైపు ఒకసారి చూసింది, అక్కడ చాప చుట్టేసి ఉంది. ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు అడుగుతుంది అని నేను అలాగే కూర్చున్నాను.

"ఇంకా ఇక్కడ కూర్చున్నావేంట్రా? పట్టుకెళ్ళు" అంది.

బావ మళ్ళీ వేసిన చెరువు గట్టు మీదే ఉన్నాడు. నన్ను చూసి కుర్చీలోంచి లేవలేదు. కాగితం ఇచ్చాను. తీసుకోడేమోనని భయం, తీసుకున్నాడు. పెదాలు కదుపుతూ మెల్లగా చివరిదాకా చదివాడు. చదవడం అయ్యాక కాగితాన్ని వెనక్కి తిప్పాడు. వెనక ఏమీ లేదు. అయినా సరే ఎండకి ఎత్తి పట్టుకుని, ఆ ఖాళీ పేజీని పైనుంచి కిందిదాకా చూస్తూ కూర్చున్నాడు.