ముక్కు బావ కడిగిన ఇంజన్

మా బావ ఇంజన్ కడుగుతున్నాడని అక్క ఫోన్ చేసింది. నేను చేతిలో పని అక్కడే పడేసి బయల్దేరాను. వేరేవాళ్లకిది వింతగా ఉండొచ్చు. మా ఇంట్లో మాత్రం ఆ మాటకి ఒక్కటే అర్థం. కారు అమ్మేస్తున్నాడని.

ఆ అర్థం మాకు నేర్పింది ఆ మహానుభావుడే. బావ పని పాత కార్లు చూసిపెట్టడం. ఎవరైనా వాడిన బండి కొనాలనుకుంటే ముందు ఈయన్ని వెంటబెట్టుకుని వెళ్తారు. ఈయన రంగు చూడడు, సీట్లు చూడడు. బానెట్ ఎత్తించి, ఆయిల్ కొలిచే పుల్ల పైకి లాగి, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. ఆయిల్ మాడిందా, అందులో పెట్రోలు కలిసిందా, ఎక్కడైనా కారుతోందా, అన్నీ వాసనతోనే తేల్చేస్తాడు. అందుకే అందరూ ముక్కు మేస్త్రి అంటారు, నేను ముక్కు బావ అంటాను. కోపం కూడా ముక్కు మీదే ఉంటుంది కాబట్టి ఆ పేరు రెండు రకాలుగానూ సరిపోయింది. ఇంజన్ గనక తళతళా మెరుస్తూ కనిపించిందో, వాసన కూడా చూడకుండా బానెట్ దించేస్తాడు. కారే ఆయిల్‌ని కడిగి దాచి మనకి అంటగడుతున్నాడు, సొంతంగా నడుపుకునేవాడెవడూ ఇంజన్ కడగడు అంటాడు. ఎన్నేళ్లుగానో అదే పాట.

అలాంటి మనిషి ఇప్పుడు ఇంటి ముందు కూర్చుని సొంత బండి ఇంజన్ కడుగుతున్నాడు.

బండి పేరుకే ఆయనది. దాని మీద బతికేది మా అక్క. ఆడవాళ్లకి డ్రైవింగ్ నేర్పుతుంది. పక్క సీటు ముందు తన కాలికి అందేలా ఇంకో బ్రేకు పెట్టించుకుంది. స్టీరింగ్ ముట్టుకుంటేనే వణికేవాళ్లని, మొగుడు పక్కన కూర్చుని అరుస్తాడని భయపడేవాళ్లని కూర్చోబెట్టి, నిదానంగా రోడ్డెక్కిస్తుంది. ఆ బండి పోయిందంటే అక్క పని పోయినట్టే. ఆ మాట అక్క పైకి అనలేదు గానీ ఫోన్‌లో ఆమె గొంతు వింటేనే నాకు అర్థమైపోయింది.

నేను వెళ్లేసరికి కారు నీడలో ఉంది. బావ బ్యాటరీ తీగ విప్పి పక్కకి పెట్టి, ఫ్యూజుల పెట్టెకీ ఆల్టర్నేటర్‌కీ తడి తగలకుండా ప్లాస్టిక్ కవర్లు కట్టాడు. పైపు పెట్టి నీళ్లు కొట్టడం లేదు. సబ్బు నీళ్లు కాసిని చల్లి, పాత టూత్‌బ్రష్‌తో సందులన్నీ రుద్ది, తడిబట్టతో తుడిచి, మళ్లీ పొడిబట్ట వేస్తున్నాడు. ఇంజన్ పైమూత అంచు వెంబడైతే చెవి పుల్లలతో శుభ్రం చేస్తున్నాడు. పిల్లలకి ఏనాడైనా అంత ముద్దుగా స్నానం చేయించాడా అని అక్క గుమ్మంలోంచి పళ్లు నూరింది. ఏంటి బావా సంగతి అని అడిగాను. దుమ్ము పట్టింది, అన్నాడు తలెత్తకుండా. ఇన్నేళ్ల దుమ్ము ఆయనకి ఇవాళే కనిపించిందట, మేం నమ్మాలట.

అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి అంతా బయటపెట్టింది. నిన్న ఎవడో బట్టతలాయన వచ్చి ఇంజన్ మీద టార్చి వేసి చూశాడు. ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. ఈవిడ టీ పట్టుకెళ్లగానే నోళ్లు మూసేశారు. ఫోన్ వస్తే బావ గేటు దాటి వెళ్లి మాట్లాడుతున్నాడు. దానికి ముందు ఇంకో సంగతి జరిగింది. సిగ్నల్ దగ్గర ఆగితే ఏదో మాడు వాసనొస్తోందని నేర్చుకునేవాళ్లు చెప్పారు. అక్కకీ వచ్చింది. బావకి చెబితే తల లోపలికి పెట్టి పీల్చి, ఏ వాసనా లేదు, మీ భ్రమ అని కొట్టిపారేశాడు. ముక్కు మేస్త్రికి రాని వాసన మనకెక్కడిదని అక్క కూడా ఊరుకుంది. ఇప్పుడు తెలిసింది కదా, బండి పాడైందని ముందే పసిగట్టి, ఎవరికో తగలగట్టే ఏర్పాటు చేస్తున్నాడని.

"అంతేకాదే," అంది గొంతు తగ్గించి. "ఈమధ్య ఏం వండిపెట్టినా బాగుందంటున్నాడు."

నాకు అసలు భయమేసింది అప్పుడే. బావ కంచం ముందు కూర్చుంటే అక్కకి రోజూ పరీక్షే. గుమ్మంలో ఉండగానే ఉల్లిపాయ మాడిందనో, నూనె పాతదనో మొదలుపెట్టేవాడు. అలాంటివాడు కిక్కురుమనకుండా తిని, బాగుందని చెప్పి లేస్తున్నాడంటే కడుపులో ఏదో దాచుకున్నట్టే. తప్పు చేసిన మొగుడే మంచివాడవుతాడని ఇద్దరం అక్కడికక్కడే తేల్చేశాం.

బావ కడగడం ముగించి, తీగ బిగించి, కారుని కాసేపు వీధులన్నీ తిప్పి తెచ్చిపెట్టాడు. భోంచేశాడు. బాగుందన్నాడు. కునుకు తీశాడు. ఇక మా వంతు. మెరిసే ఇంజన్ అమ్మడానికైతే, మురికి ఇంజన్‌ని ఎవడు కొంటాడన్నది అక్క ఆలోచన. పొయ్యి పక్కన చేపలు వేయించిన నూనె నల్లగా మిగిలి ఉంది. అందులో పూలకుండీ మట్టి కలిపింది. బెల్టు మీద పడకూడదు, తీగల జోలికి వెళ్లకూడదు, ఇంకా వేడిగా ఉంది చెయ్యి జాగ్రత్త అని నాకు పాఠం చెబుతూనే, బావ ప్రాణం పెట్టి రుద్దిన చోటల్లా పాతగుడ్డతో అద్దింది. నేను కాపలా కాశాను. పని అయ్యాక చూస్తే ఏ పిచ్చివాడూ ఆ బండి ముట్టుకోడు. ఇద్దరం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం.

బావ లేచి టార్చి పట్టుకుని వెళ్లాడు. మేం కిటికీలోంచి చూస్తున్నాం. బానెట్ ఎత్తి కదలకుండా నిలబడిపోయాడు. వేలితో రాసి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు పీల్చాడు. ఇక కొంప మునిగింది, ఇప్పుడు ఇల్లు పీకి పందిరేస్తాడని మేం బిగుసుకుపోయాం. ఆ వేడికి కిటికీ దగ్గరికి కూడా చేపల వాసన గుప్పుమంటోంది. పక్కింటి పిల్లి గోడ దూకి వచ్చింది. దాని వెనక ఇంకోటి. ఒకటైతే ఏకంగా ఇంజన్ పక్కకి ఎక్కి కూర్చుంది. బావ దాన్ని దించుతాడు, అది మళ్లీ ఎక్కుతుంది. ఈ పిల్లులకేం మాయరోగం అన్నట్టు అటూ ఇటూ చూస్తున్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. అక్క అప్పటికే నవ్వడం మానేసింది.

బావ లోపలికొచ్చి గుమ్మం మీద కూలబడ్డాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. పొద్దునే శుభ్రంగా తుడిచానని, ఒక్క తిప్పుకే నాలుగు వైపులా ఆయిల్ కక్కేసిందని చెప్పాడు. నువ్వు వాసన అన్నావు కదా, కడిగి నడిపితే కొత్త మరక ఎక్కడుంటే కారేది అక్కడని దొరుకుతుందనుకున్నానన్నాడు. ఆ బట్టతలాయనది స్పేర్ పార్టుల కొట్టట. మూత కింద రబ్బరు పట్టీ మారిస్తే చాలన్నాడట.

"పట్టీతో అయ్యే పని కాదు. ఇంజన్ పోయింది," అన్నాడు. "ఇంక నువ్వు దాన్లో ఎక్కకు. తుక్కు కింద అమ్మేద్దాం."

"వాసన చూశారా?" అంది అక్క.

"చూశాను. ఇంజన్ ఆయిలే."

అక్క వంటింట్లోకి వెళ్లి ఆ పాతగుడ్డ తెచ్చి ఆయన ముక్కు కింద పెట్టింది. ఇదేం వాసన చెప్పమంది. బావ గుడ్డ వంక చూశాడు, అక్క చేతి వంక చూశాడు, నా వంక చూశాడు. కళ్లతో వెతుకుతున్నాడు తప్ప ఊపిరి పీల్చలేదు. బయట పిల్లులు కొట్టుకుంటున్నాయి.

"చేపలు వేయించిన నూనె," అంది అక్క.

రెండు నెలల కింద జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచీ ఏ వాసనా తెలియడం లేదట. ఇవాళొస్తుంది, రేపొస్తుందని ఎదురుచూశాడట. ముక్కు లేని ముక్కు మేస్త్రిని ఎవరు పిలుస్తారు? నలుగురి ముందూ అలవాటుగా పుల్ల వాసన చూసినట్టు నటించి, కళ్లతో, చెవులతో నెట్టుకొచ్చాడు. అనుమానమొస్తే కొనొద్దనేవాడు. ఈమధ్య ఆ ధైర్యం కూడా చాలక, ఒంట్లో బాగాలేదు రాలేనని గేటు బయట నిలబడి ఫోన్‌లో చెబుతున్నాడు. అవే మేం పట్టుకున్న దొంగ ఫోన్లు. నాకు చెప్పలేనంత సిగ్గేసింది.

"రోజూ నువ్వు అందులో కూర్చుంటావు కదా," అన్నాడు అక్కతో. "కళ్లతోనైనా పట్టుకుందామని కడిగాను."

అక్క కన్నీళ్లు తుడుచుకోలేదు. "మరి రోజూ బాగుంది బాగుందన్నది?"

"నీ వంట ఎలా ఉంటుందో గుర్తుందిగా," అన్నాడు బావ. "ఆ గుర్తుతోనే తింటున్నా."

ముగ్గురం కలిసి ఇంజన్ మళ్లీ కడిగాం. తిప్పి తెచ్చి చూస్తే మూత అంచున ఒక్కచోటే మరక ఉంది. పట్టీ మార్చారు. అక్క బండి అక్కకి మిగిలింది. ఇప్పుడు ఎవరైనా కారు చూడమంటే ఇద్దరూ వెళ్తున్నారు. నాకు ముక్కు పోయింది, వాసన మా ఆవిడ చూస్తుందని బావే ముందు చెప్పేస్తున్నాడు. విన్నవాళ్లు ముక్కున వేలేసుకుంటున్నారు గానీ పిలవడం మానలేదు.

మొన్న నేనక్కడే భోంచేశాను. కూర అడుగంటింది. బావ ముద్ద నోట్లో పెట్టుకుని, నమలకుండా, అక్క మొహంలోకి చూశాడు.

"మాడింది," అంది అక్క. "నూనె కూడా పాతదే."

బావ వెంటనే అందుకున్నాడు. ఇదేం వంట, పొయ్యి మీద పెట్టి ఎక్కడ తిరుగుతున్నావని ఎప్పటిలాగే తిట్టుకుంటూ, రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాడు.