పెద్దబ్బాయి ప్యాడిల్ బోర్డు

ఆ రోజుల్లో నాకు అరబ్బీలో బాగా వచ్చిన మాట ఒక్కటే, 'ఐవా'. అంటే అవును అని. జెడ్డాలో ఆ ఇంట్లో పనికి చేరిన కొత్తలో ఎవరు ఏమడిగినా ఆ మాటే అనేదాన్ని. వంట వచ్చా అంటే ఐవా. ఇస్త్రీ వచ్చా అంటే ఐవా. తలనొప్పిగా ఉందా అని అడిగితే కూడా ఐవా అన్నాను (పాపం, మాత్ర తెచ్చి దగ్గరుండి మింగించారు). మీదే ఊరని అడిగితే కాకినాడ అవతల సముద్రం ఒడ్డని చేతులతో కెరటాలు ఆడించి చూపించాను. అయితే నీకు ఈత వచ్చన్నమాట అన్నారు. ఐవా అన్నాను. నిజానికి మా ఊళ్ళో సముద్రంలోకి వెళ్ళేది మగాళ్ళు. ఆడపిల్లలం ఒడ్డున కూర్చుని చేపలు ఏరేవాళ్ళం, ఎండబెట్టేవాళ్ళం. మోకాలు దాటి నీళ్ళలోకి దిగితే మా అమ్మ చీపురు తీసుకుని వచ్చేది. అలా ఇరవై నాలుగేళ్ళ వయసులో, మునిగితే పైకి తేలడం తెలియని నేను ఆ ఇంటివాళ్ళ దృష్టిలో గజఈతగత్తెనైపోయాను.

అక్కడి ఇళ్ళలో పనిచేసేవాళ్ళం యజమానురాలిని 'మామా' అని పిలుస్తాం. మా మామా మంచి మనిషి. నేను చేరిన ఏడాదికే ఇక్కడ మా ఊళ్ళో అమ్మ పోయింది. నన్ను పంపించాలని మామా చాలా తిరిగింది గానీ, వెళ్ళి రావడానికి కాగితాలు చేతికొచ్చేసరికి ఊళ్ళో అన్నీ అయిపోయాయి. ఇంక వెళ్ళి ఏం చేస్తానని మానేశాను. ఆ పూట మామా తనే టీ కాచి తెచ్చి, వంటింట్లో నా పక్కన కింద కూర్చుంది. నేను ఆమె ముందు ఏడవలేదు. బాత్రూంలో పంపు తిప్పి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి గిన్నెలు తోముకున్నాను.

ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దబ్బాయి, చిన్నమ్మాయి, ఇద్దరూ కాలేజీలో చదివేవాళ్ళు. అబ్బాయికి సముద్రమంటే పిచ్చి. నీళ్ళమీద నిలబడి తెడ్డుతో తోసుకుంటూ వెళ్ళే బోర్డు ఒకటుంటుంది, ప్యాడిల్ బోర్డంటారు, దాన్ని పై దేశం నుంచి తెప్పించుకుంటున్నానని భోజనాల దగ్గర ఒకటే చెప్పేవాడు. ముందు సముద్రపు పాయలో నిలకడ నీళ్ళమీద నేర్చుకుంటాడట, తర్వాత గాలి ఉన్నప్పుడు చూస్తాడట, ఆఖరికి కెరటాల మీద ఎక్కుతాడట. వాళ్ళ నాన్న విని విని, "ముందు ఆ అన్నం తిను" అనేవారు.

బోర్డు రాలేదు. ఈలోగా మదీనా రోడ్డు మీద కారు ప్రమాదంలో అబ్బాయి పోయాడు.

ఇంటికి వచ్చి పోయేవాళ్ళంతా తగ్గి, ఇల్లు నిశ్శబ్దమైపోయాక ఒక మధ్యాహ్నం ఆ పెట్టె వచ్చింది. నేనూ మా డ్రైవరన్నయ్యా కలిసి లోపలికి మోశాం. ఆయనది జగిత్యాల వైపు. పెట్టెను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, "ఏంది చెల్లె గిది, గింత పొడుగున్నది. ఇస్త్రీబల్లనా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ తలెత్తేసరికి మెట్లమీద మామా నిలబడి ఉంది. కిందికి దిగి వచ్చి పెట్టె మీది పేరు చదివింది. పేరు మీద ఒకసారి వేలితో నిమిరింది. "వాడి గదిలో పెట్టండి," అని పైకి వెళ్ళిపోయింది. కొడుకు పోయినప్పటి నుంచీ ఆమె కంట నీటిచుక్క ఎవరూ చూడలేదు. అప్పుడూ రాలేదు. తిండి మాత్రం ఇంకా తగ్గించేసింది, టీ, రెండు ఖర్జూరాలు, అంతే.

చలికాలం వచ్చింది. ఒక ఉదయం చిన్నమ్మాయి వంటింట్లోకి వచ్చి నెమ్మదిగా అంది (ఆమె అన్నది అరబ్బీలోనే, నాకు అర్థమైనంత తెలుగులో రాస్తున్నాను), "అన్నయ్య బోర్డు అలా పడుండటం నేను చూడలేను. తను ఎలా చేస్తానన్నాడో అలాగే చేద్దాం. నువ్వు తోడు రా. నీకు ఈత వచ్చు కదా." నేను 'లా' అనొచ్చు. కాదు అనే ఆ మాట అప్పటికి నేర్చుకున్నాను. కానీ ఆ పిల్ల కళ్ళు చూశాక నోట్లోంచి ఐవాయే వచ్చింది.

ఊరికి ఉత్తరాన అబ్హూర్ పాయ దగ్గర వాళ్ళ బంధువుల విడిది ఒకటుంది. నాకోసం చిన్నమ్మాయి మెడ నుంచి మడమల దాకా ఒంటికి అతుక్కుపోయే నల్ల తొడుగు తెచ్చింది. వేసుకుని అద్దంలో చూసుకుంటే సిగ్గుతో చచ్చిపోయాను. దానిపైన బలద్ బజారులో కొనుక్కున్న పూల నైటీ తొడిగేసుకున్నాను. డ్రైవరన్నయ్య బోర్డు ఒడ్డున దించి, మర్యాదగా వెనక్కి తిరిగి నిలబడ్డాడు. "నేనైతే అటు సూస్త లేను చెల్లె. ఏమన్న అయితే ఒర్లు, ఉరికొస్త."

"మీకు ఈత వచ్చా అన్నయ్యా?"

"మా ఊర్ల బాయిల నేర్సిన. గని సముద్రం సంగతి నాకెర్క లేదు."

ఆ రోజు పాయ అద్దంలా ఉంది. బోర్డు మీద ముందు మోకాళ్ళమీద కూర్చోవాలి, తర్వాత ఒక్కో పాదం ఆనించి లేవాలి, కాళ్ళకేసి కాకుండా దూరంగా చూడాలి. ఇదంతా చిన్నమ్మాయి ఫోనులో చూసి నేర్చుకుంది. నడుంలోతు నీళ్ళలో నేను బోర్డు పట్టుకుని నిలబడితే ఆమె లేచేది, కాళ్ళు గజగజలాడేవి, పడేది. అలా ఎన్నోసార్లు పడి లేచి, "ఇప్పుడు నువ్వెక్కు. సముద్రపుదానివి, నువ్వే నేర్పాలి," అంది. ఎక్కాను. లేచాను కూడా. అయితే నేను లేచి అక్కడే ఉన్నాను, బోర్డు మాత్రం కాళ్ళకింద నుంచి ముందుకు వెళ్ళిపోయింది. వెల్లకిలా పడ్డాను. నైటీలోకి గాలి చేరి బుడగలా ఉబ్బి నన్ను పైకి లేపింది. (నా ప్రాణం కాపాడింది పూల నైటీయేనని ఇప్పటికీ అనుకుంటాను.) చిన్నమ్మాయి పగలబడి నవ్వింది. అన్న పోయాక ఆ పిల్ల నవ్వగా వినడం అదే మొదటిసారి. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఏదో దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు చుట్టూ చూసింది.

తర్వాతి వారం గాలి. నీళ్ళమీద చిన్న చిన్న అలలు గరుకుగా లేచాయి. నిలబడే ప్రసక్తి లేదు, ఇద్దరం మోకాళ్ళమీద కూర్చున్నాం, తను వెనక, నేను ముందు బరువుకి. తను కుడివైపు తెడ్డు వేస్తే ఎడమకి పోయాం, ఎడమవైపు వేస్తే గాలి మమ్మల్ని దానికి నచ్చినవైపు తోసింది. ఒడ్డున డ్రైవరన్నయ్య వీపు చిన్నదైపోతోంది. "అన్నయ్యా, కొట్టుకుపోతన్నామండి," అని కేకేశాను. ఎదురుగాలిలో ఆయనకేం వినపడుతుంది? చివరికి ఎవరిదో పడవల రేవు మెట్లకు వెళ్ళి ఆనుకున్నాం. అక్కడ టీ తాగుతున్న ముసలాయన మమ్మల్నీ, నా నైటీనీ చూసి, అటు తిరిగి గేటు తీశాడు. బోర్డు నెత్తిన పెట్టుకుని రోడ్డు వెంట నడిచి వెనక నుంచి వచ్చేసరికి అన్నయ్య ఇంకా సముద్రానికి వీపు పెట్టి, "మెల్లగ చెల్లె, జర జాగ్రత్త," అని ధైర్యం చెబుతున్నాడు. ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డాం. "గిదేంది, మీరు గిటుకెల్లి వచ్చిండ్రు," అని అటూ ఇటూ చూశాడు.

ఆ రోజు ఇంటికి వచ్చి తడిబట్టలు పిండుతుంటే మామా వంటింటి గుమ్మంలో కనిపించింది. అబ్బాయి గదిలో ఖాళీ పెట్టె చూసి వచ్చిందని మొహమే చెప్పింది. ఇవాళ్టితో నా పని అయిపోయింది, సాయంత్రానికి సూట్‌కేసు సర్దుకోవాలి అనుకున్నాను. ఆమె ఆ తడి నైటీ వైపు చూసి, చిన్న గొంతుతో అడిగింది.

"అది తేలిందా?"

"తేలింది మామా. బాగా తేలింది."

తల ఊపింది. "ఈసారి నేనూ వస్తాను."

మూడోసారికి వెళ్ళింది పాయకు కాదు, ఇంకా పైన బయటి సముద్రానికి. అంతకుముందు రోజులన్నీ గాలి వీచి కెరటాలు లేచి ఉన్నాయి. మా ఊరి కెరటాల ముందు అవి పిల్లలే, అయినా ఒడ్డున నిలబడి చూసేదానికీ లోపలికి దిగేదానికీ తేడా ఉంటుంది. మామా ఒంటినంతా కప్పే నల్ల అంగీ, అబాయా, వేసుకుని ఇసుకలో మడతకుర్చీ మీద కూర్చుంది, చేతిలో టీ. అన్నయ్య యథాప్రకారం అటు తిరిగాడు. నేను మోకాలిలోతులో నిలబడ్డాను. చిన్నమ్మాయి ఒక్కతే వెళ్ళింది. కెరటానికి ఎదురుగా బోర్డు ముక్కు పెట్టినంతసేపూ బాగానే దాటింది. తిరిగి ఒడ్డుకు తిప్పుకోబోయినప్పుడు ఒక పెద్ద కెరటం వెనక లేచింది. తర్వాత తెల్లటి నురగ తప్ప ఏమీ కనపడలేదు. కాలిని బోర్డుకు కట్టే పట్టీ ఊడినట్టుంది, బోర్డు ఒక్కటే పక్కకు కొట్టుకుపోతోంది.

నేను పరిగెత్తాను. ఈత రాదన్న సంగతి గుర్తు రాలేదు. రెండో కెరటం కాళ్ళకింద ఇసుక లాగేసింది, ముక్కులోకీ నోట్లోకీ ఉప్పునీళ్ళు పోయాయి, పైన ఏదో కింద ఏదో తెలియలేదు. అంతలో ఎవరో నైటీ మెడ పట్టి లేపారు. మామా. గుండెలోతు నీళ్ళలో, అబాయా చుట్టూ నల్లగా తేలుతుంటే, ఒక చేత్తో నన్ను పట్టుకుని రెండో చేత్తో నీళ్ళను చీల్చుతూ కూతురిని పేరు పెట్టి పిలుస్తోంది. ఆ పిలుపు నేను రాయలేను.

చిన్నమ్మాయి మాకు ఇటుపక్కన, ఒడ్డుకు దగ్గరగా తేలింది. జుట్టు మొహానికి అతుక్కుని, ఆయాసపడుతూ, నవ్వుతూ. "చూశారా, నిలబడ్డాను. ఆ కెరటం మీద నిలబడ్డాను." మామా వెళ్ళి ఆ పిల్లను చెంప మీద ఒక్కటి కొట్టింది. వెంటనే రెండు చేతులతో లాక్కుని గుండెకు అదుముకుంది. అలాగే ఇద్దరూ నీళ్ళలో కూలబడ్డారు. అప్పుడు ఏడ్చింది మామా, ఇన్నాళ్ళకి, పెద్దగా, కొడుకు పేరు పిలుస్తూ. కెరటాలు వచ్చి మీద పడుతున్నా లేవలేదు. నేనూ పక్కన చతికిలబడి ఏడ్చాను. నేను ఏడ్చింది మా అమ్మ కోసమని మామాకి తెలిసిపోయింది. చేయి చాచి నన్ను కూడా దగ్గరకు లాక్కుంది.

ఇంతలో బోర్డు తోసుకుంటూ డ్రైవరన్నయ్య వచ్చాడు. బూట్లతో, చొక్కాతో, జేబులో ఫోనుతో సహా నీళ్ళలోకి దూకేశాడట. మా దగ్గరికి రాగానే మొహం పక్కకు తిప్పుకుని, "చెల్లె, మేడంకు చెప్పు. నేనేం చూడలే. కండ్లు మూసుకునే ఈదిన," అన్నాడు. నేను వెక్కుతూ అదే వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. ఏడుస్తున్న మామా నోటి నుంచి నవ్వులాంటిది ఒకటి వచ్చి, మళ్ళీ ఏడుపులో కలిసిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు దారిలో కారాపించి, అందరికీ వేయించిన చేప, అన్నం తెప్పించింది. తనూ తింది, నెమ్మదిగా, ముళ్ళు తీసి కూతురికి పెడుతూ.

ఆ ఇంట్లో ఇంకొన్నేళ్ళు చేసి వచ్చేశాను. ఇప్పుడు మా ఊళ్ళో కుట్టుమిషన్ పెట్టుకున్నాను. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్ళు జెడ్డా కబుర్లు చెప్పమంటే ఈ కథే చెబుతాను. నైటీ బుడగలా ఉబ్బిన దగ్గర పొట్టలు పట్టుకుని నవ్వుతారు. సాధారణంగా అక్కడితో ఆపేస్తాను. మిగతాది ఇదుగో, ఇక్కడే మొదటిసారి చెప్పడం. ఒక్కోసారి మిషన్ ఆపి ఆ ఇరవై అయిదేళ్ళ పిల్లను, అప్పటి నన్ను, తలచుకుంటాను. అమ్మ పోయిన దుఃఖం లోపల దాచుకుని, ఎవరో కన్న బిడ్డ కోసం, తెలియని నీళ్ళలోకి పరిగెత్తిన పిచ్చిదాన్ని. ఇప్పుడు గుమ్మంలోకి వచ్చి నిలబడితే ఏమంటాను? కోప్పడను, మెచ్చుకోను కూడా. ఒక తువ్వాలు చేతికిచ్చి, ముందు తల తుడుచుకోవే, పడిశం పడతది అంటానేమో.