పోశక్క తెచ్చిన ఏడు టెంకలు

2017 జూన్. మహారాష్ట్రలో సిరొంచ దాటాక అహేరి రోడ్డు పక్కన నా నర్సరీ. మామిడి, జామ, నిమ్మ మొక్కలు పెంచి అమ్మడం నా పని. అప్పటికి పద్దెనిమిదేళ్లుగా అదే చేస్తున్నాను. అడిగిన మొక్క ఇచ్చి పంపడమే తప్ప ఎందుకు, ఏమిటని అడిగే అలవాటు నాకు లేదు. కొనేవాళ్లు కథ మొదలుపెడితే నాకు ఒళ్లు మంట.

ఆ రోజు ప్రాణహిత ఒడ్డున వరి పండించే పోశక్క అనే పెద్దామె, తడిగుడ్డలో ఏడు మామిడి టెంకలు మూటగట్టి తెచ్చింది.

"బిడ్డా, ఇవి మొలకెత్తియ్యాలె. నిరుడు నేను పెట్టినయన్ని కుళ్లిపోయినయి."

"టెంకలే గదా అవ్వా, గీ మాత్రానికి గింత దూరం వస్తరా?"

"గీ చెట్టు మా బిడ్డ సునీత పెట్టింది. నాలుగో తరగతిల బాయి చెప్పిందని పగిలిన కుండల టెంక నాటింది. పోరి జరమొచ్చి పోయింది, చెట్టు మిగిలింది. ఇగ గా చెట్టు గూడ నదిల పడేటట్టున్నది. ఒడ్డు కోసుకపోతాంది."

బాయి అంటే ఇక్కడి మరాఠీ బడిలో పంతులమ్మ.

"అదే పండు రావాలె బిడ్డా. అది నోట్ల పెట్టుకుంటే పోరి ఎదురుంగ కూసున్నట్టయితది."

"వస్తది తీ" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

వారం తర్వాత అటువైపు ఒకాయనకు జామ మొక్కలు దింపడానికి వెళ్తే, పోశక్క చూసి చెయ్యి పట్టుకుని చెట్టు దగ్గరికి లాక్కుపోయింది. చిన్న పండు, పలుచని తోలు, ఒక్క పీచు లేదు. రెండు తిన్నాను. వేళ్లకూ నదికీ మధ్య మూడు బారల నేల మిగిలింది. "మస్తున్నది అవ్వా" అని చేతులు కడుక్కుని బండెక్కాను. ఆగస్టులో ఒడ్డు విరిగి చెట్టు నీళ్లలో కలిసిపోయింది.

నా దగ్గర ఏడు టెంకలూ మొలిచాయి. పెంకు చీల్చి లోపలి జీడిని మాత్రమే ఇసుకలో పెడితే కుళ్లవు. పోశక్క ఆ మొక్కలు తీసుకెళ్లి నదికి దూరంగా ఇంటి వెనక నాటుకుంది. మేకలు కొరకకుండా ముళ్లకంప కట్టి, ఎండాకాలమంతా బిందెలతో నీళ్లు మోసింది.

2024 మే నెలలో మళ్లీ నా నర్సరీకి వచ్చింది. సంచిలోంచి ఐదు పండ్లు తీసి బల్ల మీద పెట్టింది. ఏడింటిలో కాపుకొచ్చిన ఐదు చెట్లవి, చెట్టుకొకటి.

"తిని చూడు."

ఒకటి పులుపు, ఒకటి నిండా పీచు, ఒకటి చప్పన. మిగతా రెండు కోయబుద్ధి కాలేదు.

"మొదటి కాపు పోయినోళ్లకు పెట్టనిది మేం నోట పెట్టం. పోరి ఫోటో ముందట పెట్టి దండం పెట్టిన. అటెన్క తిన్న. దాని పండు గాదు బిడ్డా ఇది. ఎవలిదో పెట్టిన దానికి."

అప్పుడు చెప్పాను, ఏడేళ్ల కింద చెప్పాల్సిన మాట. టెంక నుంచి వచ్చేది సీడ్లింగ్. పూతలో ఏ చెట్టు పుప్పొడి కలిసిందో ఎవరికీ తెలియదు, అందుకే తల్లిచెట్టు రుచి రాదు. అదే రుచి కావాలంటే తల్లిచెట్టు చిటారు పుల్ల కోసి వేరే మొక్కకు అంటు కట్టాలి. ఆ పుల్లను మేము సయాన్ అంటాం. పెన్సిలంత పుల్ల చాలు.



"గప్పుడు చెట్టున్నది గద. నువ్వు చెట్టు కిందికొచ్చి పండు తింటివి గద. ఒక్క మాట చెప్తే కొమ్మలకు కొమ్మలే ఇరిసి ఇస్తుంటి గదరా."

  ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, అయినా ఒకటి నేర్చుకున్నాను. జింగనూర్ నుంచి వచ్చినా, కమలాపూర్ నుంచి వచ్చినా, టెంక తెచ్చినవాళ్లను ముందు అడిగేది ఒకటే: "చెట్టున్నదా?" ఉన్నదంటే ఆ రోజే అంటుకత్తి జేబులో వేసుకుని బయల్దేరతాను. పోశక్క చెట్టు కింద నిలబడి పండు తిన్న రోజు కూడా ఆ కత్తి నా జేబులోనే ఉంది.