పుస్తకంలో నాలుగు దారాలు

ఉట్నూర్‌లో మేముండే క్వార్టర్లో ఫ్యాను పాతది. తిరిగినంతసేపూ కటకటమంటూనే ఉంటుంది. మొన్న ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయి అది ఆగిపోయింది. ఆ చప్పుడు ఆగిన మరుక్షణం నా చెయ్యి దానంతట అదే పక్కనున్న బల్లమీదికి పోయి పుస్తకం కోసం తడుముకుంది. కరెంటు పోతే ఎవరికైనా విసనకర్ర గుర్తొస్తుంది. నాకు పుస్తకం గుర్తొస్తుంది, దాని వెంబడే రాజేశం కాక గుర్తొస్తాడు. ఈ అలవాటు నాకెలా అంటుకుందో చెప్పాలంటే సిరిసిల్లలో మా గల్లీ సంగతి చెప్పాలి.

మాది సాంచాల గల్లీ. సాంచా అంటే మరమగ్గం. ఏ ఇంట్లో చూసినా రెండో నాలుగో సాంచాలు పొద్దస్తమానం ఆడుతుండేవి. ఆ చప్పుడులో మాట్లాడుకోవడమంటే అరుచుకోవడమే. పక్కింటివాళ్లతో తీరిగ్గా నాలుగు మాటలు మాట్లాడాలంటే కరెంటు పోవాలి. నా చిన్నప్పుడు కోతలకేం తక్కువ, రోజూ పోయేది. సాంచాలు ఆగగానే మగవాళ్లు చేతులు తుడుచుకుంటూ, ఆడవాళ్లు నూలు కండెలు చుట్టే రాట్నం ఆపేసి అరుగులమీదికి వచ్చేవాళ్లు. మిగతా అరుగుల మీద కూరగాయల ధరలు, పెళ్లి సంబంధాలు నడిచేవి. రాజేశం కాక అరుగు మీద మాత్రం మొదటి మాట ఎప్పుడూ ఒక్కటే. "ఏడిదాంక వచ్చినవ్?" అంటే చదువుతున్న పుస్తకంలో ఏ పేజీ దాకా వచ్చావని.

రాజేశం కాకకూ మాకూ చుట్టరికం లేదు, ఉన్నదల్లా ఉమ్మడి గోడ. ఆయన నాలుగో తరగతిలో బడి మానేసి పరాయివాళ్ల సాంచాల మీద పనికి కుదిరిన మనిషి. ముప్పై ఏళ్లు దాటాక ఒకరోజు పోయి గ్రంథాలయంలో కార్డు తీసుకున్నాడట. "కరెంట్ లేనప్పుడు ఉత్తగ కూసుంటే యాష్టకొచ్చింది బిడ్డా, అందుకే," అనేవాడు. సాంచాల మధ్య బతికి బతికి చెవులు కాస్త మందగించాయి కాబట్టి ఏ మాటైనా గల్లీ మొత్తానికి వినబడేలా చెప్పేవాడు. వేలు పెట్టి, ఒక్కో అక్షరం పట్టుకుని చదివేవాడు. రోజుకు రెండు పేజీలు చదివితే ఆ రోజు పండుగే. చదివే ముందు చేతులు ఎంత తోముకున్నా గోళ్ల సందున ఆయిలు మిగిలిపోయి పేజీల అంచుల మీద ఆయన బొటనవేలు అచ్చు పడేది. గడువు పొడిగించినప్పుడల్లా గ్రంథాలయం సారు తిట్టేవాడు. "పుస్తకం కడుక్కొచ్చిస్త సారూ," అని ఈయన గట్టిగా నవ్వేవాడు.

ఒక్క కార్డు మీద వచ్చే ఆ ఒక్క పుస్తకాన్నీ ముగ్గురు చదివేవాళ్లు. ఎదురింటి తిరుపతి అన్న ఒకడు, ఆయనకు సొంతంగా నాలుగు సాంచాలుండేవి. మూలమీది ఇంట్లో కిరాయికుండే మేరీ సిస్టర్ ఒకరు, సర్కారు దవాఖానలో నర్సు. పుస్తకం కాక ఇంటి ముందు గోడ గూట్లో ఉండేది. ఎవరికి తీరిక దొరికితే వాళ్లు తీసుకుని చదివి మళ్లీ గూట్లో పెట్టాలి. మొదట్లో పేజీ మూలలు మడిచేవాళ్లట. ఎవరి మడత ఏదో తెలియక పెద్ద గొడవలే అయ్యాయట. అప్పుడు కాక దారాలు పెట్టడం షురూ చేశాడు. కాకది తెల్లదారం, తిరుపతి అన్నది నీలం, మేరీ సిస్టర్‌ది ఆకుపచ్చ. పుస్తకం కింద వేలాడే ఆ కొసలు చూస్తే ఎవరెక్కడున్నారో తెలిసిపోయేది. దానికొక కట్టుబాటు కూడా ఉండేది. అందరికంటే వెనకున్న దారం ఏ పేజీలో ఉంటే అక్కడి దాకా కథ మాట్లాడుకోవచ్చు. ఆ తర్వాతది ఎంత గొప్పగా ఉన్నా నోరు మూసుకోవాల్సిందే. నెమ్మదిగా చదివేది కాకే కాబట్టి ఎప్పుడూ ఆయన దారమే ఆఖరున ఉండేది. తిరుపతి అన్న పుస్తకాన్ని నాలుగు రోజుల్లో నమిలేసి, నెలల తరబడి కడుపుబ్బి తిరిగేవాడు.

నేను పది తప్పింది ఆ రోజుల్లోనే. అందరూ లెక్కల్లోనో ఇంగ్లీషులోనో తప్పుతారు. నేను తెలుగులో తప్పాను. ఇదేం విడ్డూరమని మా అవ్వ నెత్తి కొట్టుకుంది. గైడు బట్టీ పట్టి పాసైపోదామనుకున్నాను, ప్రశ్నలు కాస్త తిరగేసి ఇచ్చేసరికి తెల్లకాగితం లాగా కూచున్నాను. "సాలు తియ్యి, ఇగ కండెలు సుట్టుకో," అన్నాడు బాపు. ఆయన కోపంతో అన్నా బాగుండేది, తీర్పు చెప్పినట్టు మామూలుగా అన్నాడు. నేనూ సరేనన్నాను. ఇక జన్మలో పుస్తకం ముట్టనని ఒట్టు పెట్టుకుని రాట్నం ముందు కూచున్నాను. మళ్లీ పరీక్ష రాయాలంటే ముందు ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాలి, నాకేమో ఆ ధైర్యం లేదు.

ఒకరోజు కరెంటు పోయి అరుగు మీదికి వచ్చేసరికి కాక నా చేతిలో ఎర్రదారం పెట్టాడు. "వనజా, గిది నీది. మొదటి పేజీల పెట్టుకో," అని అరిచాడు. గల్లీ అంతా నావైపు చూసింది. వద్దనడానికి సిగ్గేసి తీసుకున్నాను. అప్పుడు నడుస్తున్నదొక నవల, రెండువందల ఇరవై పేజీలు. కాక మొదలుపెట్టి నాలుగు నెలలైంది.

నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ నాకు సిగ్గే. పుస్తకం ఇంటికి తెచ్చుకుని, ఒళ్లో పెట్టుకుని, గోడకేసి చూస్తూ కూచునేదాన్ని. పొద్దుగూకేలోపు దారం ఇరవై పేజీలు ముందుకు జరిపి గూట్లో పెట్టేసేదాన్ని. మూడు రోజుల్లో అరవైకి చేరాను. "అబ్బో, పోరి ఉర్కుతుంది!" అని తిరుపతి అన్న మెచ్చుకున్నాడు. తెలుగులో తప్పిన పిల్ల అని నన్ను చూసి గుసగుసలాడిన వాళ్ల ముందు ఆ మెచ్చుకోలు ఎంత తియ్యగా ఉందో! ఒక్క అక్షరం చదవలేదన్న సంగతి నేనే మర్చిపోయేంత తియ్యగా ఉంది.

నాలుగో రోజు కరెంటు పోయింది. మేరీ సిస్టర్ ఉప్మా గిన్నె పట్టుకుని వచ్చి నా పక్కనే కూచుంది. "ముసలవ్వ ఎడ్లబండి తీస్కపోయి ఆఫీసు మెట్ల మీద ఆపింది సూడు, నలభయ్యో పేజీ. గది ఎట్లనిపిచ్చింది వనజా?" అని అడిగింది. నలుగురి దారాలూ దాటిన పేజీ కాబట్టి అడగొచ్చు. నేను ముఖం దిగులుగా పెట్టి, "శానా బాధైంది సిస్టర్. ఏడుపొచ్చింది," అన్నాను.

తిరుపతి అన్న ఉప్మా మింగబోయి ఆగాడు. "ఏడుపా? ఎద్దు పోయి ఆఫీసర్ కుర్చీ నాకితే నీకు ఏడుపొచ్చిందా? నేను నవ్వలేక సచ్చిన గదనే!"

భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఇక ఈ అరుగు మొహం కూడా చూడకూడదనుకుంటూ లేవబోయాను. కాక అప్పుడు, "ఒక్కొక్కలకు ఒక్కో తీరు అనిపిస్తది తియ్. ముసలిదాని కష్టం సూసి ఏడ్వద్దా ఏంది?" అని తిరుపతి అన్నను గదమాయించాడు. ఉప్మా బాగుందని మాట మార్చాడు. నేను బతికిపోయాననుకున్నాను.

మర్నాడు గూట్లో పుస్తకం తీసి చూస్తే నా ఎర్రదారం మొదటి పేజీలో ఉంది. దాని పక్కనే ఇంకో దారం కూడా ఉంది, తెల్లది. అరుగు మీద కాక బీడీ ముట్టించుకుంటున్నాడు. ఆయన దారం నిన్నటి దాకా రెండువందల పన్నెండులో ఉంది. ఇంకా ఎనిమిది పేజీలు చదివితే ఆయన నవల అయిపోయేది.

"కాకా, నీ దారం?" అన్నాను.

ఆ మనిషి గొంతు తగ్గించి మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్కసారే. "ముందుగాల చదివింది మర్సిపోయిన బిడ్డా. మల్ల మొదటికెల్లి చదువుదామనుకుంటున్న. ఒక్కన్ని చదువబుద్ధి గాదు, నాకు జర తోడుంటవా?"

ఆయనేమీ మర్చిపోలేదు. ఆ నవలలో ఎద్దు పేరు, ఎద్దును అమ్మినవాడి పేరు కూడా ఆయనకు తెలుసు. నన్నొక్క మాట అనలేదు. నాలుగు నెలలు వేలు పెట్టి సంపాదించుకున్న పేజీలన్నీ వదులుకుని నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను, ఈసారి నిజంగానే.

సాయంత్రం సంగతి తెలిసి తిరుపతి అన్న అరుగు మీద కూలబడ్డాడు. "కాకా, ఎనిమిదే పేజీలుండె! గింత అన్యాలమా? ఇంకెన్ని నెలలు నోరు కట్టుకోవాలె నేను?" అని మొత్తుకున్నాడు. మేరీ సిస్టర్ మాత్రం నావైపోసారి చూసి, ఏమీ అడక్కుండా నవ్వింది. తిట్టుకుంటూనే తిరుపతి అన్న కూడా నోరు కట్టుకున్నాడు. అంత వాగుడుకాయ, ఒక్క మాట జారలేదు.

అలా కాకా నేనూ రోజుకు ఒకటి రెండు పేజీలు చదివాం. ఆయన ఒక పేరా, నేనొక పేరా. ఆయన మధ్యలో వేలు ఆపి, "గిప్పుడు నీకేమనిపిచ్చింది?" అని అడిగేవాడు. బళ్లో నన్ను అర్థం అడిగారు, ప్రతిపదార్థం అడిగారు. నాకేమనిపించిందని ఎవరూ అడగలేదు. మొదట్లో ఏం చెప్పాలో తెలియక నీళ్లు నమిలేదాన్ని. "జల్దేం లేదు, ఆలోచించుకో," అని ఆయన బీడీ కాల్చుకుంటూ కూచునేవాడు. నలభయ్యో పేజీకి వచ్చినప్పుడు ఎద్దు కుర్చీ నాకింది. ఇద్దరం ఎంత నవ్వామంటే, మా అవ్వ గోడ అవతలి నుంచి ఏమైందని అరిచింది. నవల అయిపోయేలోపే పరీక్ష ఫీజు కడతానని బాపుతో నేనే చెప్పాను. మర్నాడు బాపు తనే బడికి వెళ్లి కట్టి వచ్చాడు. ఆ పరీక్షలో నేను గైడు మాటొక్కటీ రాయలేదు, నాకు ఏమనిపించిందో అదే రాశాను. పాసయ్యానని చెప్పడానికి పరిగెత్తుకుంటూ పోతే కాక సంతోషంగా తల ఊపి, "మంచిగైంది. మరి గిప్పుడేం చదువుతున్నవ్?" అన్నాడు.

తెలుగులో తప్పిన నేను తెలుగు టీచర్‌నై ఉట్నూర్ వచ్చి పన్నెండేళ్లు దాటింది. అందరికీ ఈ మాట గొప్పగా చెప్పుకుంటాను కానీ, దాని వెనక ఇంకో మాట ఉంది. ఉద్యోగంలో పడ్డాక చదవడం మానేశాను. పాఠాలు, పేపర్లు దిద్దడం, మిగతా పొద్దంతా ఫోను. నాలుగేళ్ల కిందట కరీంనగర్‌లో పుస్తకాలమ్మే చోట ఒక లావుపాటి నవల కనబడితే కాకకని కొని, సిరిసిల్ల వెళ్లినప్పుడు ఇచ్చాను. "నువ్వు చదివినవా?" అని అడిగాడు. "టైం దొరకలే కాకా," అన్నాను. ఆయన లోపలికి వెళ్లి ఎర్రదారం తెచ్చి, నా ముందే మొదటి పేజీలో పెట్టాడు. "టైం దొరికినప్పుడే చదువు, మేం ఏడికి పోతం?" అన్నాడు. నేను నవ్వేసి బస్సెక్కాను. తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా గూటి వైపు చూడలేదు.

పోయిన ఎండాకాలం కాక చనిపోయాడు. పదోరోజుకు వెళ్లాను. ఆ రోజు గల్లీలో ఎవరూ సాంచాలు నడపలేదు. కోతల కాలం పోయాక అంత నిశ్శబ్దం మా గల్లీలో మళ్లీ వినలేదు. అదే అరుగు మీద తిరుపతి అన్న, రిటైరై అక్కడే స్థిరపడిన మేరీ సిస్టర్ కూచుని ఉన్నారు. ఏదో ఒకటి మాట్లాడాలని, "అన్నా, నేనిచ్చిన నవల ఆఖరికి ఏమైతది? కాక కోసం ఇన్నొద్దులు నోరు కట్టుకున్నవ్, ఇగ చెప్పు," అన్నాను.

తిరుపతి అన్న నావైపు చిత్రంగా చూశాడు. "కాక రెండేండ్ల కిందనే చదివిండు చెల్లె. మేమాగింది నీకోసం."

కాక భార్య సత్తవ్వ చిన్నమ్మ గూట్లోంచి పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఆఖరి పేజీ దగ్గర నీలం దారం, ఆకుపచ్చ దారం ఉన్నాయి. తెల్లదారం అక్కడ లేదు. వెనక నుంచి ముందుకు పేజీలు తిప్పుతూ వచ్చాను. ప్రతి పేజీ అంచునా ఆయన వేలి మరక కనబడింది. మొదటి పేజీలో, నేను కదపని ఎర్రదారం పక్కన, తెల్లదారం ఉంది.

"అయిపోయిన దినమే మల్ల ఆడ పెట్టిండు బిడ్డా," అంది చిన్నమ్మ. "ఎందుకయ్యా అంటే, వనజ ఒక్కతే ఉంది గద, తోడు చదువుత అన్నడు."

ఆ పుస్తకమే ఇప్పుడు నా బల్లమీద ఉంది. బడికి పోయే ముందు, వచ్చిన తర్వాత కాక చదివినంత నెమ్మదిగా చదువుతున్నాను. నచ్చిన చోట ఆగి నాకేమనిపించిందో ఆలోచించుకుంటున్నాను. ఎర్రదారం జరిపినప్పుడల్లా దాంతోపాటు తెల్లదాన్నీ జరుపుతున్నాను. మొన్న ఫ్యాను ఆగిపోయిన ఆ మధ్యాహ్నం చాలాసేపు చదివి దారాలు రెండూ పెట్టి పుస్తకం మూస్తుంటే ఫోన్ మోగింది. తిరుపతి అన్న.

"ఏడిదాంక వచ్చినవ్ చెల్లె?"

"డెబ్బై నాలుగుకు వచ్చినం అన్నా."



"జర జల్దీ చదువుండ్రి మరి ఇద్దరు. నాతోని ఆగుతలేదు."