కోడలు నిదానంగా లేపిన చెయ్యి

కోడలు పోయిందని మావాడు ఆసుపత్రి నుంచి ఫోను చేశాడు. రెడ్డియార్‌పాళయం ఇంట్లో నేనొక్కడినే ఉన్నాను. జ్వరమని చేర్చాం, తిరిగి వస్తుందనే అనుకున్నాం. ఫోను పెట్టేసి వరండాలో కూర్చున్నాను. ఎదురుగా బల్లమీద ఆమె పని అలాగే ఉంది.

ఆ పనేమిటో మీకు చెప్పాలి. ఆమె ఇంజనీరింగు కాలేజీలో పాఠం చెప్పేది. పోటీకోసం పిల్లలచేత రోబో చెయ్యి చేయిస్తోంది. భుజానికో మోటారు, మోచేతికో మోటారు, మణికట్టుకో మోటారు. మూడూ ఒక్కసారి కదిలితే బ్యాటరీ తట్టుకోలేదు. పట్టుకున్న పెట్టెతో సహా చెయ్యి దభీమని కూలేది.

నాకు చదువు తక్కువ, మాట ఇంకా తక్కువ. అరియాంకుప్పంలో సేద్యం చేసినవాణ్ణి. అయినా పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేది.

"మామా, మీ ఊర్లో కరెంటు వస్తానే అందురూ ఒకేపారి మోటార్లు ఏస్తే ఏమవతాది?"

"ఫీజు పోతాది."

"ఇదీ అంతే. లేచేటప్పుడే మోటారుకు ఆకలి జాస్తి. ఒకటి తిన్నాక ఇంకొకటి."

రోజూ మీటరు పెట్టి ఏ మోటారు ఎంత లాగుతోందో కొలిచేది. భుజం లేచి కుదురుకున్నాకే మోచెయ్యి, ఆ తర్వాతే మణికట్టు కదిలేలా కంప్యూటర్లో రాసింది. స్క్రూలన్నీ ఇడ్లీ ప్లేటు గుంతల్లో. పొద్దున పిండి పోయాలంటే ముందు వాటిని ఏరాలి.

పిల్లలకు ఓపిక లేదు. "మేడం, మన చెయ్యి సాంబారు వడ్డించేసరికి భోజనాల బంతి లేచిపోద్దండి," అంది యానాం నుంచి వచ్చిన అమ్మాయి.

"పోనీలే. ఆకులో పడతాది, ఒళ్ళో పడదు," అంది కోడలు.

కర్మకాండ ముగిశాక పోటీ వచ్చింది. పిల్లలు రమ్మంటే వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. పక్క జట్టు చెయ్యి చకచకా ఎత్తేస్తోంది. మావాళ్లు కంగారుపడి, కంప్యూటర్లో ఆమె పెట్టిన విరామాలు తీసేశారు. చెయ్యి పెట్టెను సగం ఎత్తుకు తీసుకెళ్లి పడేసింది. మళ్లీ వేశారు, మళ్లీ పడింది. ఆపైన భుజం కదల్లేక బిగుసుకుపోయింది. కాలిన వాసన వచ్చింది.

వాళ్లను తప్పుపట్టను. ఆమె లేకుండా గెలిచి, ఆ గెలుపు ఆమెకే ఇవ్వాలనుకున్నారు. ఎక్కడ ఎంత ఆగాలో ఆమెకే తెలుసు. ఇక ఆ చెయ్యి లేవదు.

బయట యానాం అమ్మాయి దాన్ని గుడ్డలో చుట్టి నాకిచ్చింది. "మీ ఇంట్లోనే ఉండనివ్వండి తాతగారూ. మేం చూడలేమండి."

ఆటో ఎక్కాను. గుడ్డలోంచి భుజం మోటారు చేతికి తగిలింది. ఇంకా వెచ్చగా ఉంది. ఇల్లు చేరేలోగా చల్లబడిపోయింది.